డెబ్బయ్యేళ్ల గొంతులో జానీ క్యాష్

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

‘వయసు మళ్లాక గాయకులు చేసిన రికార్డుల్లో తప్పక వినవలసినది ఏది?’ అని కిందటి సంచికలో ఒక పాఠకుడు అడిగితే, అమెరికా దక్షిణ గ్రామాల్లో పుట్టిన కంట్రీ సంగీతపు గాయకుడు జానీ క్యాష్ 2002లో వెలువరించిన ‘అమెరికన్ ఫోర్: ద మ్యాన్ కమ్స్ అరౌండ్’ ఆల్బమ్ పేరు చెప్పి, చోటు చాలక రెండు వాక్యాలతో సరిపెట్టాను. ఆ రెండు వాక్యాలు ఎవరికీ చాలలేదని వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క ఆల్బమ్‌కే కేటాయించాను.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మొన్న వేసవిలో డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, కారులో వాడు ఈ పాటలు పెట్టాడు. ఇంగ్లిషు పాటలు నాకు బొత్తిగా అలవాటు లేదు. మాటలు సగమే అర్థమయ్యాయి. అయినా ఆ ముసలి గొంతు వణుకుతూ ఒక్కొక్క మాటే పలుకుతుంటే కళ్లు చెమర్చాయి. ఎవరీయన? గొంతు అంతగా అరిగిపోయాక ఎందుకు పాడవలసి వచ్చింది? ఎవరైనా బలవంతపెట్టారా?
— ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మాస్టారూ, ఎవరూ బలవంతపెట్టలేదు. పాడకుండా ఉండలేక పాడారు. అది ఎలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

జానీ క్యాష్ 1932 ఫిబ్రవరి 26న ఆర్కన్సా రాష్ట్రంలోని కింగ్స్‌లండ్‌లో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టారు. ఆర్థిక మాంద్యంలో చితికిపోయిన రైతులకు భూమీ ఇల్లూ ఇచ్చి నిలబెట్టడానికి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం డైయెస్ అనే చోట ఒక కాలనీ ఏర్పాటు చేస్తే, 1935లో ఆ కుటుంబం అక్కడికి చేరింది. పత్తి చేలో పనిచేస్తూ ఇంటివాళ్లతో కలిసి పాడిన చర్చి కీర్తనలే ఆయనకు మొదటి సంగీత పాఠం. 1944లో, ఆయన ప్రాణంగా చూసుకున్న అన్న జాక్ రంపపు యంత్రం దగ్గర పనిచేస్తూ తీవ్రంగా గాయపడి, కొద్ది రోజులకే కన్నుమూశాడు. క్యాష్ గొంతులో చావును గురించిన మాటలు ఏనాడూ అరువు తెచ్చుకున్నట్టు వినిపించకపోవడానికి ఆ ఇంటి దుఃఖమే మూలమని నా నమ్మకం.

వైమానిక దళంలో పనిచేసి 1954లో తిరిగివచ్చి, మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ సంస్థలో 1955లో మొదటి రికార్డు ఇచ్చారు. మరుసటి ఏడు వచ్చిన ‘ఐ వాక్ ద లైన్’ దేశమంతా మారుమోగింది. ఆ రోజుల్లో ఆయన వెనుక వాయించేవారు ఇద్దరే: ఒక గిటారు, ఒక బేస్. డ్రమ్ము లేని లోటు తీర్చడానికి క్యాష్ తన గిటారు తీగల కింద కాగితం మడిచి దోపి, రైలు పట్టాల మీద వెళుతున్నట్టు ఒక మొద్దు చప్పుడు పుట్టించేవారు. ఆ రైలు నడక చివరిదాకా ఆయన పాటను వదలలేదు. 1968లో కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైలులో ఖైదీల ముందు పాడి చేసిన రికార్డు ఆయనను కంట్రీ సంగీతం సరిహద్దులు దాటించింది.

ఆ తరవాత మెల్లగా జారుడు మొదలైంది. రేడియోలు కొత్త గొంతుల వైపు మళ్లాయి. 1958 నుంచి ఆయన రికార్డులు వేసిన కొలంబియా సంస్థ 1986లో ఒప్పందం ముగించింది. తరవాత చేరిన సంస్థలోనూ రికార్డులు వచ్చాయి గానీ, వాటిని పట్టించుకున్నవారు తక్కువ. అరవయ్యో పడిలో అడుగుపెట్టేసరికి, చరిత్ర పుస్తకంలో గౌరవప్రదమైన ఒక పేజీగా ఆయన్ను జనం పక్కన పెట్టేశారు.

సరిగ్గా అప్పుడు, 1993లో, రిక్ రూబిన్ అనే నిర్మాత వచ్చి కలిశారు. వయసులో క్యాష్ కంటే ముప్పై ఏళ్లు చిన్న. అప్పటిదాకా ర్యాప్, హెవీ మెటల్ బృందాలకు రికార్డులు చేసినవాడు. ఆయన కోరినది ఒక్కటే: కూర్చుని, మీకు ఇష్టమైన పాటలు మీ గిటారు మీద మీరే పాడండి అని. లాస్ ఏంజెలెస్‌లోని రూబిన్ ఇంటి ముందు గదిలోనూ, టెనెసీలో క్యాష్‌కున్న చిన్న కలప ఇంట్లోనూ పాడిన పాటలే 1994 నాటి ‘అమెరికన్ రికార్డింగ్స్’కు ఆధారం. అందులో ఒక గొంతు, ఒక గిటారు, అంతే. ఆ వరసలో 1996లో రెండోది, 2000లో మూడోది వచ్చాయి. మీరు కారులో విన్నది నాలుగోది.

ఈ లోపల శరీరం తిరగబడింది. 1997 అక్టోబరులో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో కచేరీ చేస్తూ, కింద పడిన గిటారు మీటును తీయడానికి వంగి, తూలి పడబోయి నిలదొక్కుకున్నారు. తనకు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని ప్రేక్షకులకు అక్కడే చెప్పారు. తరవాత వైద్యులు ఆ నిర్ధారణను మార్చి, చివరికి మధుమేహంతో ముడిపడిన నాడీ సమస్యగా తేల్చారు. మాటిమాటికీ న్యుమోనియా వచ్చేది. చూపు సన్నగిల్లింది. నలభై ఏళ్లకు పైగా ఊరూరా తిరిగి కచేరీలు చేసిన మనిషికి పర్యటనలు ఆగిపోయాయి. ఒంట్లో బాగున్న రోజున పాడడం, ఊపిరి అందని రోజున ఆపేయడం, మళ్లీ ఎప్పుడో అందుకోవడం, ఇలా ఈ ఆల్బమ్ ముక్కలు ముక్కలుగా పూర్తయింది. 2002 నవంబరులో విడుదలైనప్పుడు ఆయనకు డెబ్బై నిండాయి. కచేరీ వేదిక చేజారిపోయాక ఆయనకు మిగిలిన ఏకైక చోటు మైకు ముందున్న కుర్చీ. దాన్ని ఆయన చివరి వేసవి దాకా వదలలేదు.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌ను జీవితాన్ని నెమరువేసుకునే రచన అంటున్నారు. కానీ అందులో ఎక్కువ పాటలు వేరేవాళ్లవే కదా? ‘హర్ట్’ అయితే ఒక రాక్ బృందానిది. ఇతరుల మాటలు పాడినవారిని ఆత్మపరిశీలన చేసుకున్నారని ఎలా అంటాం?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: లెక్కకు మీరన్నది నిజమే. మొత్తం 15 పాటల్లో క్యాష్ స్వయంగా రాసినవి మూడు, వాటిలో కొత్తది ఒక్కటి. అయినా నేను దీన్ని ఆత్మకథ లాగానే వింటాను. కారణం చెప్పడానికి అందరూ మెచ్చిన ‘హర్ట్’ కంటే ముందు, తక్కువమంది గమనించే ‘గివ్ మై లవ్ టు రోజ్’ దగ్గరికి వెళ్లాలి.

ఈ పాట క్యాష్ 1957లో రాసి పాడినదే. రైలు పట్టాల పక్కన ఒక మనిషి చావుబతుకుల్లో పడి ఉంటాడు. జైలు నుంచి విడుదలై, భార్యాబిడ్డల దగ్గరికి పోతూ దారిలోనే కూలిపోయినవాడు. దారిన పోతున్న కథకుడు అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే, ‘నా భార్య రోజ్‌కు ఈ డబ్బు ఇవ్వండి, నా ప్రేమ చెప్పండి, తల్లికి సాయంగా ఉండమని కొడుకుకు చెప్పండి’ అని అప్పగింతలు పెడతాడు. 1957 నాటి రికార్డులో క్యాష్‌కు పాతికేళ్లు. గొంతు గట్టిగా, నిండుగా, నడక చురుగ్గా ఉంటుంది. వింటుంటే మనకు కనిపించేది ఆ కథకుడే: దారిన పోతూ ఒక కబురు మోసుకొచ్చిన ఆరోగ్యవంతుడైన యువకుడు. అదే పాటను, దాదాపు అవే మాటలతో, 2002లో వినండి. నడక మందగించింది. వాక్యం మధ్యలో ఊపిరి తెగుతుంది. ‘రోజ్’ అన్న పేరు దగ్గర గొంతు కిందికి దిగి, దాదాపు మాటైపోతుంది. ఇప్పుడు మనకు వినిపిస్తున్నది పట్టాల పక్కన పడి ఉన్న మనిషి. కథ ఏమీ మార్చకుండా, పాటలో గాయకుడు నిలబడిన చోటు మారిపోయింది. నలభై అయిదేళ్లు గడిస్తే తప్ప జరగని మార్పు అది.

ఈ ఆల్బమ్ అంతటా జరిగినది ఇదే. ‘శామ్ హాల్’, ‘స్ట్రీట్స్ ఆఫ్ లరేడో’, ‘డానీ బాయ్’ అనే మూడు పాత పాటలనూ క్యాష్ 1965లో ఒకసారి పాడారు. ‘స్ట్రీట్స్ ఆఫ్ లరేడో’లో తెల్లని గుడ్డలో చుట్టిన యువకుడొకడు తన అంత్యక్రియలు ఎలా జరగాలో దారిన పోయేవాడికి చెబుతాడు. మొదటిసారి పాడినప్పుడు అది పశ్చిమ ప్రాంతపు పశువుల కాపరుల గాథ. రెండోసారి పాడేసరికి ఆ ఏర్పాట్లు గాయకుడి ఇంట్లోవే అన్నట్టు ఉంటుంది. ‘ఇన్ మై లైఫ్’ను బీటిల్స్ 1965లో రికార్డు చేసినప్పుడు, దాన్ని పాడిన జాన్ లెనన్‌కు పాతికేళ్లు. గడిచిపోయిన చోట్లనూ మనుషులనూ పాతికేళ్లవాడు తలుచుకుంటే తీయగా ఉంటుంది. తలుచుకున్న వారిలో సగం మంది కూడా మిగలని వయసులో తలుచుకుంటే అదే పాట గొంతులో అడ్డం పడుతుంది.

ఇక ‘హర్ట్’. దీన్ని రాసినది ట్రెంట్ రెజ్నర్. ఆయన బృందం నైన్ ఇంచ్ నెయిల్స్ 1994లో వెలువరించిన ఆల్బమ్‌లో చివరి పాట ఇది. మాదకద్రవ్యాల ఊబిలో, తన మీద తనకే ఏవగింపు కలిగిన ఒక యువకుడి గోడు. పాట మొదట గుసగుసలాడి చివరికి కర్ణకఠోరమైన గిటారు రొదలో మునిగిపోతుంది. దీన్ని పాడమని సూచించినది రూబిన్. క్యాష్ అందులో మార్చినది ఒకే ఒక్క మాట. కిరీటం గురించిన పంక్తిలో ఉన్న అశుద్ధాన్ని తెలిపే మాట తీసి, ‘ముళ్లు’ అని పెట్టారు. ఆ ఒక్క మార్పుతో క్రీస్తు తలమీది ముళ్లకిరీటం పాటలోకి వచ్చింది, ఏవగింపు కాస్తా పశ్చాత్తాపంగా మారింది. సూది గురించిన మాటను మాత్రం ఆయన తీయలేదు. 1950ల చివర నుంచి ఏళ్ల తరబడి మందుబిళ్లలకు బానిసై, కచేరీలు ఎగ్గొట్టి, ఇంటివాళ్లను క్షోభపెట్టిన మనిషి ఆయన. ఆ సంగతి ఎన్నడూ దాచుకోలేదు. ఇప్పుడా సూది వేరే అర్థం కూడా మోస్తుంది: మధుమేహంతో, ఆసుపత్రి మంచాల మీద గడిపిన ముసలితనపు సూది. క్యాష్ పాడిన ‘హర్ట్’కు తీసిన వీడియో చూశాక ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే చెప్పుకున్నారు. రాసినవాడే ఆ మాట అన్నాక, అది ఎవరి ఆత్మకథ అన్న ప్రశ్న నా మటుకు తీరిపోయింది.

కంట్రీ సంగీతం మొదటి నుంచీ ఇలాగే బతికిందని కూడా చేర్చాలి. స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి వచ్చినవారి గాథాగేయాలు, చర్చి కీర్తనలు, నల్లజాతివారి బ్లూస్, ఆఫ్రికా మూలాలున్న బాంజో అనే తీగవాద్యం, ఇవన్నీ అమెరికా దక్షిణ గ్రామాల్లో కలిసి పుట్టిన సంగీతం అది. అక్కడ పాట ఎవరు రాశారన్నది ఎంత ముఖ్యమో, ఎవరు ఎంతకాలం మోశారన్నదీ అంతే ముఖ్యం.

ప్రశ్న: నేను ఆరేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. శ్రుతి కదిలితే మా గురువుగారు పాట ఆపించేస్తారు. ఈ ఆల్బమ్‌లో శ్రుతి నిలవని చోట్లు నాకు చాలా వినిపించాయి. మనం మెచ్చుకుంటున్నది పాటనా, లేక చనిపోబోతున్న మనిషి మీద జాలినా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఈ ప్రశ్నను ఇంత సూటిగా అడిగినందుకు సంతోషం. జాలి మాత్రమే అయితే, అన్ని పాటలూ ఒకేలా కదిలించాలి. అలా జరగదు. ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ నాకు నిలబడినట్టు అనిపించదు. మెల్లగా మొదలై మెట్టు మెట్టుగా పైకెక్కి, తారస్థాయిలో విచ్చుకోవలసిన వరస అది. ఆ ఎక్కుడు క్యాష్ గొంతు తరం కాలేదు. తోడు పాడిన గాయని ఫియోనా ఆపిల్ గొంతే దాన్ని గట్టెక్కించింది. ‘డెస్పరాడో’ కూడా అంతే, అసలు పాడినవారి నీడలోంచి బయటికి రాలేదు. గాయకుడూ జబ్బూ అన్నిచోట్లా ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదంటే, మనం వింటున్నది సంగీతాన్నే.

నిలబడిన పాటలు ఎందుకు నిలబడ్డాయో చూడండి. క్యాష్ గొంతు యవ్వనంలో కూడా విశాలమైనది కాదు. మంద్రంలో నిండుగా, రాయిలా ఉండేది. పైకి వెళ్లాలని ఆశపడేది కాదు. ‘ఐ వాక్ ద లైన్’లో చరణం మారినప్పుడల్లా స్థాయి మారుతుంది. కొత్త స్థాయిని పట్టుకోవడానికి ఆయన ప్రతి చరణానికి ముందు నోరు మూసుకుని ఒక్క క్షణం ‘మ్మ్’ అని శ్రుతి చూసుకుంటారు. ఆ చూసుకోవడాన్ని దాచకుండా పాటలోనే ఉంచేశారు, వినేవారికి అదే ఇష్టమైపోయింది. అంటే, పని జరుగుతున్న చప్పుడును పాటలో భాగం చేసుకునే అలవాటు ఆయనకు ఇరవై నాలుగో యేటి నుంచే ఉంది. గమకాలూ సంగతులూ ఆ గొంతులో మొదటి నుంచీ లేవు. ఉన్నదల్లా మాటను మాటలా పలకడం. అందువల్ల వృద్ధాప్యం ఆయన దగ్గర దోచుకున్నది, ఇతర గాయకుల దగ్గర దోచుకునేదాని కంటే తక్కువ. దీర్ఘమైన స్వరం పట్టే ఊపిరి పోయింది. స్వరాన్ని ముందే తుంచి, హల్లు మీద ఆగడం నేర్చుకున్నారు. ఎక్కడ ఆగితే అర్థం చెడదో ఆయనకు తెలుసు.

‘హర్ట్’ను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకసారి వినండి. మొదట గిటారు తీగలు విడివిడిగా మీటుతూ వస్తాయి. గొంతు చాలా దగ్గరగా, చెవి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మైకును అంత దగ్గర పెట్టడం వల్ల పెదవి విడివడే చప్పుడు, మాటకు ముందు తీసుకునే చిన్న ఊపిరి కూడా దాగవు. పల్లవి దగ్గరికి వచ్చేసరికి పియానోలో ఒకే స్వరం మళ్లీ మళ్లీ, సుత్తితో కొట్టినట్టు మోగుతూ, రెండో పల్లవికి గొంతును ముంచేసేంత బిగ్గరవుతుంది. గొంతు పైకెక్కలేదు కాబట్టి, ఎక్కవలసిన ఎత్తునంతా వాద్యాలు మోశాయి. గొంతు ఉన్నచోటే ఉండి, దాని చుట్టూ నీటిమట్టం పెరిగినట్టు ఉంటుంది. ఆఖరున ఆ హోరు ఒక్కసారిగా తెగిపోతుంది. ఇది గాయకుడి బలహీనతను లెక్కలోకి తీసుకుని కట్టిన కట్టడం. రిక్ రూబిన్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ గొంతును చక్కదిద్దడానికి ప్రయత్నించి ఉంటే మనకు ఏమీ మిగిలేది కాదు.

మీ గురువుగారి మాట మాత్రం ఈ ఆల్బమ్ చూపించి కాదనకండి. శ్రుతి మీద మీ సంగీతం నిలబడినట్టే, మాట మీద, కథ మీద ఈ సంగీతం నిలబడింది. రెంటికీ వేర్వేరు కొలతలున్నాయి.

ప్రశ్న: మా సంఘంలో యువకులు ఈ ఆల్బమ్ పేరుగల పాటను ప్రకటన గ్రంథం పాట అంటున్నారు. నిజమేనా? ఆయన రాసినదేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: నిజమే. ‘ద మ్యాన్ కమ్స్ అరౌండ్’ ఆయన స్వయంగా రాసిన పాట. ఆల్బమ్‌లో మొదటిదీ, కొత్తదీ అదే. బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలోని తెల్లని గుర్రపు దర్శనాన్ని చదవడంతో మొదలై, అదే అధ్యాయంలోని పాండుర వర్ణపు గుర్రాన్ని, దాని మీద కూర్చున్న మృత్యువును చదవడంతో ముగుస్తుంది. మధ్యలో తీర్పు దినాన ఒక మనిషి వచ్చి ఒక్కొక్కరి పేరూ రాసుకుంటాడు. కన్యకల దీపాలు, బూరల ధ్వని, ఇలా మీరు సంఘంలో విని ఉన్నవే వరసగా వస్తాయి.

దీని పుట్టుక విచిత్రమైనది. బకింగ్‌హామ్ రాజభవనంలో ఎలిజబెత్ రాణి ఎదుట తాను నిలబడినట్టూ, ఆమె తనను సుడిగాలిలోని ముళ్లచెట్టుతో పోల్చినట్టూ క్యాష్‌కు ఒక కల వచ్చింది. ఆ మాట ఏళ్ల తరబడి మనసును వదల్లేదు. బైబిలులో వెతుక్కుంటే యోబు గ్రంథం వైపు దారి చూపింది. అక్కడి నుంచి ప్రకటన గ్రంథం దాకా నడిచి, ఎన్నో పేజీలు రాసి కొట్టేసి ఈ పాట తేల్చారు. గిటారు నడక మాత్రం హుషారుగా ఉంటుంది. నేను గమనించినది ఏమంటే, తీర్పు చెప్పడానికి వచ్చేవాడిని గురించి పాడుతున్నా ఆయన గొంతులో ఇతరులను బెదిరించే స్వరం లేదు. వరసలో నిలబడిన వాళ్లలో తానూ ఒకడినన్నట్టే పాడారు.

ప్రశ్న: ‘హర్ట్’ వీడియోలో పాడుబడినట్టున్న ఆ భవనం ఎవరిది? మెట్ల మీద నిలబడి ఆయన్ను చూస్తున్న స్త్రీ ఎవరు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ఆమె ఆయన భార్య జూన్ కార్టర్ క్యాష్. 1927లో టెనెసీ–వర్జీనియా సరిహద్దులోని బ్రిస్టల్ పట్టణంలో జరిగిన రికార్డింగులు కంట్రీ సంగీతానికి పురుడు పోశాయంటారు. అక్కడ పాడిన కార్టర్ కుటుంబంలో గిటారు వాయించిన మేబెల్ కార్టర్ కూతురే జూన్. 1968 మార్చి 1న క్యాష్‌ను పెళ్లాడారు. మందుబిళ్లల నుంచి ఆయన్ను బయటికి లాగిన చేయి ఆమెదే.

వీడియోను దర్శకుడు మార్క్ రోమనెక్ టెనెసీలోని హెండర్సన్‌విల్‌లో, సరస్సు ఒడ్డున ఉన్న క్యాష్ దంపతుల ఇంట్లోనూ, ‘హౌస్ ఆఫ్ క్యాష్’ అనే వారి ప్రదర్శనశాలలోనూ తీశారు. ఆ ప్రదర్శనశాల అప్పటికే మూతపడి శిథిలమవుతోంది. రోమనెక్ దాన్ని అలాగే చూపించారు. పగిలిన రికార్డు, మూసిన తలుపు, వాటి మధ్య యవ్వనంలోని క్యాష్ పాత దృశ్యాలు. విందుబల్ల ముందు కూర్చున్న ఆయన వణికే చేత్తో ద్రాక్షసారాయిని వంటకాల మీద ధారగా పోసేస్తారు. ఇవన్నీ ఆలోచించి కూర్చినవే. కానీ జూన్ చూపు అలాంటిది కాదు. భర్త పాడుతుండగా ఆమె మెట్ల మీద నిలబడి ఉంటే కెమెరా ఆ ముఖాన్ని అందుకుంది. అందులో ప్రేమ, భయం, ఇక ఎంతోకాలం లేదన్న ఎరుక ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

ఆయన ముందు పోతారని చూసినవారంతా అనుకున్నారు. గుండె శస్త్రచికిత్స తరవాత 2003 మే 15న ఆమే ముందు వెళ్లిపోయారు. క్యాష్ ఆ దుఃఖంలోనే మళ్లీ మైకు ముందు కూర్చుని, పాటలు రికార్డు చేస్తూ, సెప్టెంబరు 12న నాష్‌విల్‌లో కన్నుమూశారు. వీడియోలోని ఆ ఇల్లు, కొన్న యజమాని మరమ్మతులు చేయిస్తుండగా, 2007 ఏప్రిల్‌లో కాలిపోయింది. వీడియో ఆఖరి క్షణంలో ఆయన పియానో మూత దించి, మూసిన చెక్క మీద రెండు చేతులతో మెల్లగా నిమురుతారు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ చేతుల దగ్గర ఆగిపోతాను.

ప్రశ్న: కంట్రీ రంగం ఈ ఆల్బమ్‌ను ఆయన బతికుండగా గుర్తించిందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: కంట్రీ రేడియో ఆ వరసలోని రికార్డులను పెద్దగా వేయలేదు. ‘గివ్ మై లవ్ టు రోజ్’కు 2003లో గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది, అది ఆయన చూశారు. ఆ ఏడాది నవంబరులో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ ఆల్బమ్, ఉత్తమ సింగిల్ (విడిగా విడుదలైన పాట), ఉత్తమ వీడియో పురస్కారాలు ఇచ్చేటప్పటికి ఆయన లేరు. చివరి నెలల్లో పాడినవాటితో 2006లో వచ్చిన అయిదో ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆలస్యంగా వచ్చిన గౌరవం విషయంలో నాకు కోపమేమీ లేదు గానీ, ఆ పాటలు రేడియోలో వినాలని ఆయన ఎంత ఆశపడి ఉంటారో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. పాత పాటలంటే ప్రాణం, ఇంగ్లిషు కొద్దిగా వచ్చు. అమ్మ పోయినప్పటి నుంచి పాటలు వినడం మానేశారు. ఈ ఆల్బమ్ వినిపించవచ్చా? ఏ పాటతో మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: వినిపించండి, కానీ ‘హర్ట్’తో మొదలుపెట్టకండి. అది మనిషిని ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేసే పాట. మీరు పక్కన లేనప్పుడు ఆయన దాన్ని వినకపోవడమే మంచిది. ముందు 1957 నాటి ‘గివ్ మై లవ్ టు రోజ్’ పెట్టండి, చిన్న పాటే. కథ ఏమిటో తెలుగులో మీరే చెప్పండి. తరవాత 2002 నాటి దాన్ని పెట్టండి. పాత పాటల మీద ప్రేమ ఉన్నవారికి ఆ రెంటి మధ్య దూరం వెంటనే తెలిసిపోతుంది, మీరు వివరించనక్కరలేదు. ఆయన ఇంకా వింటానంటే ‘ఇన్ మై లైఫ్’ వినిపించండి.

ఆఖరున ‘వీల్ మీట్ అగైన్’ పెట్టండి. రెండో ప్రపంచయుద్ధం మొదలైన రోజుల్లో, యుద్ధానికి పోయే సైనికులనూ వారి ఇళ్లవారినీ ఓదార్చిన బ్రిటిష్ పాట అది. మళ్లీ కలుద్దాం, ఎక్కడో ఎప్పుడో తెలియదు గానీ కలుద్దాం అన్నదే అందులోని మాట. ఈ ఆల్బమ్‌లో అదే చివరిది. క్యాష్ దాన్ని ఏడుపుగొట్టుగా పాడలేదు. సాయంకాలం వాకిట్లో కూర్చుని ఊళ్లోవాళ్లతో కబుర్లాడుతున్నంత తేలిగ్గా పాడారు, చివర్లో చుట్టూ ఉన్నవారంతా గొంతు కలుపుతారు. పాట అయిపోయాక వెంటనే వేరేది పెట్టకుండా కాసేపు అలాగే వదిలేయండి. నాన్నగారు ఏమన్నారో, లేదా ఏమీ అనకుండా ఊరుకున్నారో, వీలైతే నాకు రాయండి.